ఎందుకు? ఎలా? – చిప్పులోని నీరటి

పిల్లలూ,

ఈ నెల మనకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి రంగారెడ్డి జిల్లా, శంకర్‌పల్లి మండలం, మోకిల నుంచి వచ్చింది. ఏడవ తరగతి చదువుతున్న అబ్బాయి రాశాడు. ఉత్తరం చిన్నదేగాని అందులో ఉన్న ప్రశ్న చిన్నది కాదు. ముందు ఆ ఉత్తరం చదవండి.

"మొన్న గాలివానకు సాయంత్రం పోయిన కరెంటు తెల్లవారినాక గాని రాలేదు. కరెంటు రాగానే వంటింట్లో ఓవెన్ మీది గడియారం 12:00 అని మినుకు మినుకుమంటూ కూర్చుంది. పాపం, దానికి ఎంత పొద్దెక్కిందో తెలియదు. కాని మా నాన్న కంప్యూటరు పెట్టగానే అది ఏడు గంటల పది నిమిషాలు అని ఠక్కున చెప్పింది. అప్పటికి ఇంటర్నెట్ ఇంకా రాలేదు. రాత్రంతా అదీ ఆగిపోయే ఉన్నది గదా, మరి దానికి టైము ఎవరు చెప్పారు? మా తాతను అడిగితే, 'దాని లోపల గూడా ఎవరో నీరటి ఉండి ఉంటాడురా. ఊరంతా పండుకున్నా నీరటి పండుకోడు' అని నవ్వాడు. మా తాత వయసులో ఉన్నప్పుడు చెరువు కింద నీరటి పని చేశాడు. ఒక ఏడు ఆయనకు జ్వరం వచ్చి మంచాన పడితే, కొత్తవాడు వచ్చి ఎవరూ వాడటం లేదనుకుని ఒక తూము మూసేశాడట. చివర ఉన్న మడులు ఎండిపోయినాయట. ఆ సంగతి ఇప్పటికీ చెప్పి బాధపడతాడు. కంప్యూటరులో నీరటి ఉంటాడని ఆయన అన్నది నిజమేనా?"

చిరంజీవీ, మీ తాత నవ్వుతూ అన్నాడు గాని, ఆయన అన్న మాటలో నువ్వు అనుకున్నదానికంటె ఎక్కువ నిజం ఉన్నది. కంప్యూటరులో రాత్రంతా మేలుకుని ఉండేవాడు ఒకడు, పొద్దున లేచి తూములు తీసి నీళ్ళు పంచేవాడు మరొకడు. మొదటివాడు కావలివాడు, రెండోవాడు నీరటి. ఇద్దరి సంగతీ వరసగా చెబుతాను.

(నీరటి అంటే తెలియని పిల్లలకోసం: చెరువు నీళ్ళను ఏ కాలువకు ఎంత వదలాలో, ఏ మడికి ఎప్పుడు పెట్టాలో చూసుకునే మనిషి. తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా ఈ పని ఉన్నది.)

రాత్రి కావలివాడు

కంప్యూటరు పెట్టె లోపల పెద్ద పలక ఒకటి ఉంటుంది. దానిమీద ఇంచుమించు రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. చాలా కంప్యూటర్లలో దాని పేరు సి.ఆర్. 2032. ఆ అంకెలకు అర్థం ఉన్నది: అడ్డంగా 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. కరెంటు పోయినప్పుడు ఈ బ్యాటరీ కంప్యూటరు మొత్తాన్ని నడపలేదు, నడపనక్కరా లేదు. ఒక్క చిన్న గడియారాన్ని మాత్రం నడుపుతుంది. అది సెకండ్లు, నిమిషాలు, గంటలు, తేదీ, నెల, సంవత్సరం లెక్క వేస్తుంటుంది. ఇంకేమీ చెయ్యదు. ఆ పనికి ఎంత తక్కువ కరెంటు కావాలంటే, ఆ ఒక్క బ్యాటరీతో కొన్ని సంవత్సరాలు గడుస్తాయి. ఐ.బి.ఎం. కంపెనీ 1984లో తెచ్చిన పి.సి. ఏ.టి. అనే కంప్యూటరులో ఇలాంటి గడియారాన్ని బ్యాటరీతో సహా అమర్చారు. అప్పటినుంచి ఇంటి కంప్యూటర్లకు అది అలవాటయింది.

ఓవెన్‌లో కూడా గడియారం ఉన్నది. కాని దానికి బ్యాటరీ పెట్టలేదు. అందుకే కరెంటు పోగానే అది లెక్క మరిచిపోయి 12:00 దగ్గర కూర్చున్నది.

ఒక్క మాట. ఈ బిళ్ళ బ్యాటరీలు చూడటానికి ముద్దుగా ఉంటాయి గాని నోట్లో పెట్టుకుంటే ప్రాణానికే ముప్పు. గొంతులో ఇరుక్కుంటే రెండు మూడు గంటల్లోనే లోపల కాల్చేస్తాయి. ఇంట్లో చంటిపిల్లలు ఉంటే వాళ్ళకు అందకుండా చూడండి. పొరపాటున ఎవరైనా మింగితే వెంటనే ఆసుపత్రికి పోవాలి.

రాయి లెక్క పెడుతుంది

ఈ గడియారంలో లోలకం లేదు, స్ప్రింగు లేదు. మరి లెక్క ఎలా? అందులో క్వార్ట్జ్ అనే స్ఫటికం ముక్క ఉన్నది. ఇసుకలో మెరిసే రేణువులు చూశారా? వాటిలో చాలావరకు ఆ జాతివే. క్వార్ట్జ్‌కు ఒక వింత గుణం ఉన్నది. దాన్ని నొక్కితే కొంచెం కరెంటు పుడుతుంది. ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ అనే అన్నదమ్ములు ఈ సంగతి 1880లో కనిపెట్టారు. కరెంటు ఇస్తే అది వణుకుతుంది. గుడి గంటను ఎప్పుడు కొట్టినా దాని స్వరం ఒకటే అయినట్టు, ఒక కొలతకు కోసిన క్వార్ట్జ్ ముక్క ఎప్పుడు వణికినా ఒకే వేగంతో వణుకుతుంది. 1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మారిసన్, హార్టన్ అనేవాళ్ళు ఈ గుణంతో మొదటి క్వార్ట్జ్ గడియారం చేశారు.

మన కావలివాడి చేతిలో ఉన్న స్ఫటికం సెకండుకు 32,768 సార్లు వణుకుతుంది. ఈ అంకె ఎందుకు? కాగితం, పెన్సిలు తీసుకుని దాన్ని సగం చెయ్యండి: 16,384. మళ్ళీ సగం: 8,192. ఇలా సగం చేస్తూ పొండి. సరిగ్గా పదిహేనోసారికి 1 వస్తుంది. రెండు వణుకులకు ఒకసారి మాత్రమే "ఊఁ" అనే చిన్న మెట్టు ఒకటి ఉన్నదనుకోండి. అలాంటివి పదిహేను వరసగా పెడితే చివరిది సెకండుకు ఒక్కసారి "ఊఁ" అంటుంది. మీ గోడ గడియారంలో, చేతి గడియారంలో జరిగేది కూడా ఇదే.

అయితే ఈ కావలివాడు తప్పు చెయ్యడా? చేస్తాడు. ఎండకు, చలికి స్ఫటికం వేగం రవ్వంత మారుతుంది. పది లక్షలకు ఇరవై తేడా ఉన్నదనుకోండి. అది ఏమంత? కాని రోజులో 86,400 సెకండ్లున్నాయి. రోజుకు ఇంచుమించు సెకండుంబావు కంటె ఎక్కువే, అంటే 1.7 సెకండ్లు తేడా వస్తుంది. నెల తిరిగేసరికి 52 సెకండ్లు.

నీరటి లేచాడు

తెల్లవారింది, కరెంటు వచ్చింది. నాన్న మీట నొక్కారు. ఇప్పుడు కంప్యూటరులో నిద్ర లేచేది ఆపరేటింగ్ సిస్టమ్. దాని నడిమి భాగాన్ని కెర్నెల్ అంటారు. ఆ మాటకు గింజలోని పప్పు అని అర్థం. కెర్నెల్ లేస్తూనే కావలివాడి దగ్గరకు పోయి, "ఎంత పొద్దెక్కింది?" అని అడుగుతుంది. ఆయన చెప్పిన టైము ఒక్కసారి రాసుకుంటుంది. ఆ తరవాత ఆయనను మాటిమాటికీ అడగదు. తనకున్న వేగమైన గడియారంతో తనే లెక్క వేసుకుంటుంది. నువ్వు చూసిన ఏడు గంటల పది నిమిషాలు అలా వచ్చినవే.

ఇంటర్నెట్ వచ్చాక కెర్నెల్‌కు ఇంకో సాయం దొరుకుతుంది. దూరాన ఉన్న మంచి గడియారాలను అడిగి తేడా ఎంతో తెలుసుకుంటారు. చిన్న తేడా అయితే కెర్నెల్ ఒక్క గంతు వెయ్యదు. తన లెక్కను కొంచెం నెమ్మది చేసో, కొంచెం వేగం చేసో, మెల్లగా సర్దుకుంటుంది. గంతు వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. పది గంటల ఐదు నిమిషాలకు ఒక బిల్లు రాసి, టైమును వెనక్కు తిప్పి, ఇంకో బిల్లుకు పది గంటల నాలుగు నిమిషాలు అని వేస్తే, ఏది ముందో ఏది వెనకో ఎవరికి తెలుస్తుంది?

కాలువలు, తూములు

ఇక నీరటి పని. కంప్యూటరు అంటే బల్లమీది పెట్టె ఒక్కటే కాదు. మెహదీపట్నం నుంచి మోకిల మీదుగా శంకర్‌పల్లి పోయే బస్సు ఎక్కితే, కండక్టరు చేతిలో టికెట్ మిషన్ ఉంటుంది గదా, అందులోనూ ఒక చిన్న కంప్యూటరు ఉన్నది. టికెట్ మీద తేదీ, టైము వేసేది అదే. బట్టలు ఉతికే మిషన్లో, కరెంటు మీటరులో, టీవీలో, కారులో ఇలాంటివి ఒదిగి ఉన్నాయి. ఇవి పని చేసే తీరు తెలియాలంటే చెరువు దగ్గరకు పోవాలి.

చిప్పులో ప్రతి భాగానికీ తాళం కావాలి. కోలాటం ఆడేటప్పుడు తాళం వినబట్టి గదా కర్రకు కర్ర తగులుతుంది! తాళం తప్పితే కర్ర వేలికి తగులుతుంది. చిప్పులో కూడా అంతే. కాని అందరికీ ఒకే వేగం పనికిరాదు. లెక్కలు చేసే భాగానికి మహా వేగం కావాలి. తెరకు ఒక వేగం, పాట వినిపించే భాగానికి ఒక వేగం, మీటలు చూసే భాగానికి ఇంకో వేగం. ఇన్నిటికి ఇన్ని స్ఫటికాలు పెడితే ఖర్చు, చోటు చాలవు. అందుకని ఒక పెద్ద స్ఫటికం పెడతారు. అదే మన చెరువు. చాలా చిప్పుల్లో అది సెకండుకు 2 కోట్ల 40 లక్షల సార్లు వణుకుతుంది.

కాని లెక్కలు చేసే భాగానికి ఇదీ చాలదు. దీనికి యాభై రెట్లు కావాలి. ఉన్నదాన్ని తగ్గించటం సులభమేగాని పెంచటం ఎలా? ఊరేగింపులో డప్పు చూశారా? తాళం వేసే ఆయన ఒక తాళం వేసే లోపల డప్పు వాయించే ఆయన ఎనిమిది దెబ్బలు కొడతాడు. మళ్ళీ మొదటి దెబ్బ తాళంతో కలిసిందా లేదా అని చెవి పెట్టి వింటాడు. వెనకబడితే వేగం పెంచుతాడు, ముందు పోతే తగ్గిస్తాడు. చిప్పులో ఇలాంటి డప్పు వాయించే భాగమే ఒకటి ఉన్నది. అది తాళానికి యాభై దెబ్బలు కొట్టి, ప్రతి యాభైకీ ఒకసారి స్ఫటికంతో సరి చూసుకుంటుంది. అలా 120 కోట్లు వచ్చింది. దాన్ని 12తో భాగిస్తే 10 కోట్లు ఒక పిల్లకాలువకు, 25తో భాగిస్తే 4 కోట్ల 80 లక్షలు ఇంకో పిల్లకాలువకు. ఒక్కొక్క కాలువ మొదట ఒక తూము. తూము మూస్తే ఆ కింది భాగానికి తాళం అందదు. అది కదలకుండా ఉంటుంది, కరెంటు మిగులుతుంది. ఫోను బ్యాటరీ రోజంతా రావటానికి ఇదొక కారణం.

ఈ తూములన్నీ తీసేది, మూసేది కెర్నెల్. అందుకే దాన్ని నీరటి అన్నాను.

మంచి నీరటికి రెండు సంగతులు తెలిసి ఉండాలి. ఒకటి: ఒక కాలువ కింద ఇద్దరు రైతులుంటే, ఒకాయన "నాకు చాలు" అన్నాడని తూము మూయరాదు. రెండో ఆయన మడి ఇంకా తడవలేదు. అందుకే కెర్నెల్ ప్రతి తూము దగ్గర ఒక లెక్క ఉంచుకుంటుంది. ఎవరైనా కావాలంటే ఒకటి కలుపుతుంది, చాలంటే ఒకటి తీసేస్తుంది. లెక్క సున్నా అయినప్పుడే మూస్తుంది. రెండవది: పెద్ద కాలువలో నీరు పెంచితే కింది కాలువలన్నిటిలో పెరుగుతుంది. తెరకు వేగం కావాలని తల్లి కాలువను మారిస్తే, అదే తల్లి కింద పాట భాగం ఉంటే ఏమవుతుంది? ఘంటసాల గొంతు చిలక గొంతు అవుతుంది! అందుకని మార్చే ముందు కింద ఎవరెవరు ఉన్నారో చూసుకోవాలి.

తాత తలలో ఉన్న పటం

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాము. ఏ కాలువ ఎక్కడినుంచి పుట్టింది, ఎవరికి పోతుంది అన్నది కెర్నెల్‌కు ఎలా తెలుస్తుంది? చిప్పును చూస్తే తెలియదు. తూములమీద పేర్లు రాసి ఉండవు. ఒకరు రాసి ఇవ్వాలి.

ఆ జాబితా ఇలా ఉంటుందనుకోండి:

స్ఫటికం – తల్లి లేదు – 2 కోట్ల 40 లక్షలు.
పెద్ద కాలువ – తల్లి స్ఫటికం – 50 రెట్లు.
తెర కాలువ – తల్లి పెద్ద కాలువ – 12వ వంతు.
తెర – తెర కాలువ నీరు తీసుకుంటుంది.

యంత్రాన్ని చేసినవాళ్ళు దీన్ని కెర్నెల్ చదవగలిగే భాషలో రాసి ఇస్తారు. ఒక తల్లికి పిల్లలు, ఆ పిల్లలకు పిల్లలు ఉన్నందువల్ల అది కొమ్మలు వేసిన చెట్టులాగా ఉంటుంది. దాని పేరు కూడా డివైస్ ట్రీ, అంటే పరికరాల చెట్టు.

లైనక్స్ అనే కెర్నెల్ పేరు మీరు వినే ఉంటారు. లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి ఫిన్లండులో 1991లో మొదలుపెట్టాడు. ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో అదే ఉన్నది. ఒకప్పుడు అందులో ఒక్కొక్క రకం చిప్పుకు ఒక్కొక్కరు తమ సొంత పద్ధతిలో ఈ తూముల పని రాసుకునేవారు. ఒక ఊరి నీరటి ఇంకో ఊరికి పోతే ఏమీ తెలియనట్టు, ఒక చిప్పుకు రాసింది ఇంకోదానికి పనికివచ్చేది కాదు. 2012 మే నెలలో వచ్చిన లైనక్స్ 3.4లో అందరికీ కలిపి ఒకే పద్ధతి పెట్టారు. తూము తీసే తీరు ఒక్కటే. ఏ ఊరికి పోతే ఆ ఊరి పటం చేతికి ఇస్తే చాలు. హైదరాబాదులో క్వాల్‌కామ్, ఏ.ఎం.డి. వంటి కంపెనీల కార్యాలయాలు ఉన్నాయి. చిప్పుల పని నేర్చుకున్నవాళ్ళకు ఇలాంటి జాబితాలు రాయటం, సరిచూడటం రోజూ ఉండే పని.

అయితే పటంలో ఒక గీత మరిచిపోతే? ఇక్కడే, చిరంజీవీ, నీ ఉత్తరంలోని కొత్తవాడు గుర్తుకు వస్తాడు. లైనక్స్ కెర్నెల్ లేచిన కాసేపటికి తూములన్నీ ఒకసారి చూసుకుంటుంది. ఎవరూ అడగని తూము తెరిచి ఉంటే, కరెంటు దండగని మూసేస్తుంది. తెర ఫలానా కాలువ నీరు తాగుతున్నదని జాబితాలో రాయటం మరిచిపోయారనుకోండి. తెర వెలుగుతూ ఉంటుంది, అక్షరాలు కనిపిస్తూ ఉంటాయి, హఠాత్తుగా అంతా చీకటి! యంత్రం పాడు కాలేదు, తెర పాడు కాలేదు. రాయవలసింది రాయలేదు, అంతే. ఈ చిక్కు ఎంత మామూలంటే, తప్పు వెతికేటప్పుడు "ఎవరూ అడగని తూములు కూడా మూయవద్దు" అని కెర్నెల్‌కు ముందే చెప్పటానికి ఒక మాట పెట్టుకున్నారు.

మీ తాత ఊళ్ళోని కొత్తవాడు చెడ్డవాడు కాడు. నీళ్ళు వృథా కాకూడదనే మూశాడు. అతని చేతిలో పటం లేదు. పటం మీ తాత తలలో ఉన్నది, తాత మంచంమీద ఉన్నాడు.

చిన్న తప్పు, పెద్ద నష్టం

కాలం లెక్కలో రవ్వంత తప్పు ఎంత దూరం పోతుందో చెప్పే సంగతి ఒకటి జరిగింది. అది విచారకరమైనది. అయినా మీరు తెలుసుకోవాలి.

1991 ఫిబ్రవరి 25న, గల్ఫ్ యుద్ధంలో, సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికావారి పేట్రియట్ అనే రక్షణ యంత్రం ఉండేది. శత్రువు వదిలిన క్షిపణిని ఆకాశంలోనే అడ్డుకోవటం దాని పని. అది సెకండులో పదోవంతును ఒకటిగా లెక్కించేది. మనకు పదోవంతు సులభం. కాని కంప్యూటరుకు ఉన్నవి సున్న, ఒకటి మాత్రమే. మనం ఒకటిని మూడుతో భాగిస్తే 0.333 అంటూ తెగకుండా పోయినట్టు, కంప్యూటరు భాషలో పదోవంతు తెగకుండా పోతుంది. చోటు చాలక చివర కత్తిరించారు. ఆ తేడా సెకండులో కోటోవంతు కూడా లేదు. కాని ఆ యంత్రాన్ని ఆపకుండా 100 గంటలు నడిపారు. తేడాలన్నీ కూడి సెకండులో మూడోవంతు, అంటే 0.34 సెకండు అయింది. క్షిపణి సెకండుకు 1,676 మీటర్లు పోతుంది. మూడోవంతు సెకండులో అర కిలోమీటరు దాటింది. యంత్రం దాన్ని వెతకరాని చోట వెతికింది. క్షిపణి సైనికుల వసతిమీద పడి 28 మంది చనిపోయారు. తప్పు సరిదిద్దిన ప్రోగ్రాము అక్కడికి చేరింది మరునాడు.

మన ఊరి ఓట్ల గడియారం

ఇంత దూరం పోనక్కరలేదు. 2024 మే 13న మీ చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గంలో పోలింగు జరిగింది. పెద్దవాళ్ళు మీట నొక్కి ఓటు వేశారు. ఆ ఓటింగు యంత్రాలను మన దేశంలో చేసేవి రెండే సంస్థలు. అందులో ఒకటి హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. అయ్యగారి సాంబశివరావు గారి నాయకత్వంలో అది 1967లో మొదలయింది. 2006 తరవాత చేసిన ఓటింగు యంత్రాల్లో ఒక గడియారం కూడా పెట్టారు. ఏ మీట ఏ తేదీన, ఏ టైముకు నొక్కారో ప్రతిసారీ నమోదవుతుంది. ఎందుకు? పోలింగు మొదలుకాక ముందు గాని, ముగిసిన తరవాత గాని ఎవరైనా మీటలు నొక్కి ఉంటే ఆ టైమే సాక్ష్యం చెబుతుంది. ఆ యంత్రానికి ఇంటర్నెట్ లేదు, కరెంటు తీగ లేదు. బ్యాటరీతో నడుస్తుంది. ఇంకొకరిని అడిగి టైము దిద్దుకునే దారి దానికి లేదు. దాని గడియారం దానికే గతి. అందుకే అది సరిగా ఉండటం అంత ముఖ్యం.

రాబోయే ఒక ఉదయం

ఇంకో తేదీ మీ పుస్తకంలో రాసుకోండి: 2038 జనవరి 19. చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకండ్లు అయిందో లెక్కించి టైము చెబుతాయి. పాతవాటిలో ఆ లెక్కకు ఇచ్చిన చోటులో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 వరకే పడుతుంది. మన టైము ప్రకారం ఆ రోజు ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకండ్లకు ఆ పాత్ర నిండుతుంది. మరు సెకండులో అవి 1901 డిసెంబరుకు పోతాయి! లైనక్స్‌లో ఈ చిన్న చిప్పులకు కూడా పెద్ద పాత్ర ఇచ్చే పని 2020లో పూర్తి అయింది. కాని గోడల్లో, మిషన్లలో ఒదిగి, ఎవరూ తాకకుండా ఉన్న పాతవాటిని ఎవరో ఒకరు వెతికి మార్చాలి. అప్పటికి మీరు పెద్దవాళ్ళయి ఉంటారు. ఆ వెతికేవాళ్ళు మీలోనే ఉండవచ్చు.

మీరే చేసి చూడండి

మీ గోడ గడియారాన్ని ఈ రాత్రి ఫోను టైముతో సెకండుతో సహా సరిచేయండి. తేదీ రాసుకోండి. దాన్ని ఇక తాకవద్దు. సరిగ్గా ముప్పై రోజుల తరవాత మళ్ళీ ఫోనుతో పోల్చి, ఎన్ని సెకండ్లు ముందు పోయిందో, వెనకబడిందో చూడండి. ముప్పైతో భాగిస్తే రోజుకు ఎంతో తెలుస్తుంది. ఎండ తగిలే గోడమీద ఒకటి, నీడలో ఒకటి పెట్టి చూస్తే ఇంకా మంచిది.

ఒక లెక్క కూడా ఇస్తున్నాను. స్ఫటికం నిజంగా 2 కోట్ల 40 లక్షల సార్లు వణుకుతున్నది. జాబితా రాసినవాడు పొరపాటున 1 కోటి 20 లక్షలు అని రాశాడు. కెర్నెల్ ఆ స్ఫటికాన్నే నమ్మి టైము లెక్కిస్తే, ఒక గంట పాఠానికి బడి గంట ఎప్పుడు కొడుతుంది? జవాబు చూడక ముందు మీరే ఆలోచించండి.

(జవాబు: 1 కోటి 20 లక్షల వణుకులు కాగానే కెర్నెల్ "ఒక సెకండు అయింది" అనుకుంటుంది. నిజానికి అర సెకండే అయింది. కనక గంట పాఠం అరగంటకే అయిపోతుంది. సంతోషించకండి, అరగంట ఆట కూడా పావుగంటకే అయిపోతుంది!)

మోకిల చిరంజీవీ, నీ ప్రశ్నకు జవాబు అయింది. ఇప్పుడు నీకు నేను ఒక పని చెబుతాను. మీ వైపు పొలాలు చాలా వరకు ఇళ్ళయి, రోడ్లయి మారుతున్నాయి. తాత తీసిన తూములు, తవ్విన కాలువలు ఎక్కడినుంచి ఎక్కడికి పోయేవో, ఏ కాలువ కింద ఎవరి మడులు ఉండేవో, ఆదివారం పొద్దున ఆయన దగ్గర కూర్చుని అడుగు. పెద్ద కాగితంమీద ముందు చెరువు వేయి. దాని కింద తూము, తూము కింద కాలువ, కాలువ కింద పిల్లకాలువలు. ఏదీ ఎవరూ వాడటం లేదని వదిలెయ్యకు. వేసినాక చదివి తాతకు వినిపించు, తప్పుంటే ఆయనే దిద్దుతాడు.

ఆ పటం పూర్తి అయితే మాకూ ఒక నకలు పంపు. మిగతా పిల్లలు తమ గోడ గడియారం లెక్క రాసి పంపండి. వచ్చే నెల ఇంకో ప్రశ్నతో కలుసుకుందాము.